కేతు ఉంగరానికి ఏది మేలు: వైడూర్యమా, సిల్లిమనైటా, క్వార్ట్జా?

విశాఖ కురుపాం మార్కెట్‌కి వెళ్లి ఊరికే "పిల్లికన్ను కావాలి" అంటే చాలదు. వెలుగు పడగానే మధ్యలో తెల్లగీత కదిలే రాళ్లన్నిటికీ ఆ పేరే వాడతారు. కేతువుకి చెప్పే అసలు వైడూర్యం క్రిసోబెరిల్ అనే ఖనిజం. సిల్లిమనైట్, క్వార్ట్జ్ వేరే ఖనిజాలు.

దిష్టికీ మూలశంకకీ ఇది మంచిదని పాత నమ్మకం. జబ్బు తగ్గిస్తుందని మాత్రం ఏ రాయికీ రుజువు లేదు. రక్తం పడుతుంటే ఉంగరంతో సరిపెట్టుకోక కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చూపించుకోవాలి.

రోజూ పెట్టుకోవడానికైతే వైడూర్యమే మేలు. గీతలు పడకుండా తట్టుకునే కాఠిన్యం మోస్ స్కేలు మీద దానిది 8.5. క్వార్ట్జ్‌ది 7. మన బీచ్ ఇసుకలో ఉండేది కూడా క్వార్ట్జూ గార్నెట్టూ కాబట్టి, ఆ దుమ్ము రాసుకుంటూ ఉంటే క్వార్ట్జ్ పాలిష్ పోయి గీత మసకబారుతుంది. సిల్లిమనైట్ చూపుకి వైడూర్యంలాగే మోసం చేస్తుంది, కానీ ఒక దిశలో ఇట్టే చీలుతుంది. వేలు తలుపుకి తగిలితే చాలు. అది లాకెట్‌కే పనికొస్తుంది. డబ్బు తక్కువైతే క్వార్ట్జ్ కొనండి, క్వార్ట్జ్ ధరకే.

తేడా తేల్చడానికి ఉంగరంలో బిగించకముందే తూకం వేయించాలి. క్యారెట్ స్కేల్ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. రాయిని సన్నదారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో ముంచాలి. 5 క్యారెట్ల రాయికి స్కేల్ సుమారు 1.34 చూపితే వైడూర్యం, 1.54 అయితే సిల్లిమనైట్, 1.89 అయితే క్వార్ట్జ్. రాయికి గాలిబుడగ అంటుకుంటే అంకె పెరిగి, అసలు రాయే నాసిరకంలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి, బుడగల్ని సూదితో తప్పించాలి. క్యారెట్ లోపు రాళ్లకి ఈ లెక్క నమ్మకండి. పిల్లికన్నులా కనిపించే నకిలీ ఫైబర్ గాజుకైతే తూకమే అక్కర్లేదు: 10 రెట్ల లెన్స్‌తో పక్కనుంచి చూస్తే తేనెపట్టు గళ్లు కనిపిస్తాయి.

పొడి చేసి భస్మం ఇస్తామంటే ఏ రాయైనా వద్దనండి. వైడూర్యంలో బెరిలియం ఉంది. నూరేటప్పుడు ఆ దుమ్ము పీల్చడం ఊపిరితిత్తులకి చేటు. క్వార్ట్జ్ దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

నర్సీపట్నం వైపు అడవుల్లో అనుమతి లేకుండా రంగురాళ్లు తవ్వడం నేరం. "అక్కడి నుంచి నేరుగా తెచ్చాం, చవక" అని బిల్లు లేకుండా ఇస్తే తీసుకోకండి. వైడూర్యం కొంటే బిల్లులో "పిల్లికన్ను" అని కాకుండా "క్రిసోబెరిల్" అనే రాయించుకోండి.