ట్వెల్వ్ బోర్ తన్ను: పదహారేళ్ల వాడకం తర్వాత

మొదటి తూటాకే నా ముక్కు పగిలింది. గుద్దింది ఎవరో కాదు, తుపాకి వెనక్కి తన్నినప్పుడు నా కుడిచేతి బొటనవేలే.

2008లో, ఆర్మీ నుంచి వచ్చి బ్యాంకులో ఆర్మ్‌డ్ గార్డుగా చేరిన కొత్తలో, వరంగల్ శివార్లలోని ఫైరింగ్ రేంజ్‌లో జరిగింది ఇది. పదిహేడేళ్లు రైఫిల్ పట్టినవాడికి ఈ ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, ఒక లెక్కా అనుకున్నాను. కుందా, అంటే తుపాకి వెనకవైపు చెక్క, భుజానికి ఆనీ ఆనకుండా పెట్టి కాల్చాను. పక్క లైన్‌లో ఉన్న కానిస్టేబుల్ తమ్ముడు "ఫౌజీ సాబ్, కర్చీఫ్ ఉన్నదా, నాది ఇయ్యాల్నా?" అన్నాడు. ఆ రోజు ఇంకో నాలుగు రౌండ్లు అతని కర్చీఫ్‌తోనే కాల్చాను.

అప్పటి నుంచి హనుమకొండ, పరకాల, జనగామ అని మూడు బ్రాంచీలు తిరిగాను. మూడు చోట్లా చేతికి వచ్చింది ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెలే, తుపాకి మాత్రం వేరు వేరు. లైసెన్సు బ్యాంకు పేరున ఉంటుంది, మన పేరు రిటైనర్‌గా, అంటే తుపాకిని దగ్గర ఉంచుకునేవాడిగా, ఎక్కుతుంది. ఏడాదికోసారి ప్రాక్టీస్, ఐదో పదో తూటాలు. అన్నీ కలిపినా నూటయాభై దాటవు. అంత తక్కువ వాడకానికి ఇంత రాతా అంటారేమో. ఆర్మీలో వేలు కాల్చాను, భుజానికి ఒక్కటీ గుర్తు లేదు. ఈ నూటయాభైలో చాలావాటికి తేదీలు చెప్పగలను.

నేను 1990లో భర్తీ అయినప్పుడు ఇచ్చింది ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), 7.62 ఎం.ఎం. దాని ధక్కా, అంటే వెనక్కి తన్నే తన్ను, గట్టిదే, కానీ మర్యాదస్తురాలు. భుజాన్ని నెడుతుంది, తన్నదు. తొంభైల చివర్లో ఇన్సాస్ రైఫిల్ వచ్చింది, 5.56. దానికి ధక్కా ఉందని చెప్పడమే ఎక్కువ. ఇక 84 ఎం.ఎం. రాకెట్ లాంచర్ సంగతి వేరు. గ్యాస్ అంతా వెనక గొట్టంలోంచి పోతుంది కాబట్టి భుజానికి తన్నే ఉండదు, కానీ పేలినప్పుడు రొమ్ములో ఎవరో డప్పు కొట్టినట్టు ఉంటుంది. వెనకాల నిలబడ్డవాడి గతి అంతే, అందుకే ముందు వెనక్కి చూడటం నేర్పుతారు.

మరి చూడ్డానికి అంత పెద్ద ఎస్‌ఎల్‌ఆర్ కన్నా ఈ పాత దునాలీ (రెండు గొట్టాలది) ఎందుకు ఎక్కువ తంతది? ఇది చాలాకాలం నాకు అర్థం కాలేదు. మా చిన్నమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతున్నప్పుడు నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేసి చూపించింది. ఎస్‌ఎల్‌ఆర్ గుండు 9 గ్రాముల పైచిలుకు, సెకనుకు 800 మీటర్లు దాటి పోతుంది. ట్వెల్వ్ బోర్ గుండ్లు అందులో సగం వేగం కూడా పోవు. కానీ ఒక్క తూటాలో సీసమే 30 గ్రాములు దాటుతుంది. పైగా ఎస్‌ఎల్‌ఆర్ నాలుగు కిలోల మీద బరువు, ఇది మూడు కిలోల చిల్లర. ముందుకు ఎక్కువ బరువు పోతుంది, వెనక తేలిక తుపాకి ఉంది. దెబ్బ రెండింతలు పైనే అని తేలింది. అదీకాక ఎస్‌ఎల్‌ఆర్‌లో గ్యాస్, స్ప్రింగ్, లోపల వెనక్కి ముందుకు పోయే ముక్క, ఇవన్నీ కలిసి దెబ్బను కాస్త సాగదీస్తాయి. దునాలీలో అలా కదిలే ముక్క ఏదీ లేదు. వచ్చిందంతా ఒక్కసారే భుజం మీదికి. "నాన్నా, నీది తప్పు లేదు, ఫిజిక్స్‌ది" అంది. ముక్కు సంగతి ఆమెకు చెప్పలేదు.

పరకాల తుపాకి పాతది, గొట్టాలు పొడవు, చెక్క బరువు. మూడింటిలో నా భుజానికి అదే నచ్చింది. జనగామది కొత్తది, తేలిక, పట్టుకుని ఎనిమిది గంటలు నిలబడటానికి హాయి. కాల్చినప్పుడు మాత్రం ఆ హాయికంతా వడ్డీతో వసూలు చేస్తుంది. మొదటి ప్రాక్టీస్ తర్వాత మూడో రోజుకు భుజం మీద నేరేడుపండు రంగు మచ్చ తేలింది. మా ఆవిడ పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తూ "దొంగలు రాకముందే గిట్లయితే, వస్తే ఏంజేస్తవ్?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు 2013లో దొరికింది, అందరి ముందూ. ప్రాక్టీస్‌కి ఎప్పుడూ స్టాకులో పాతబడ్డ తూటాలు ఇస్తారు. ఆ రోజు రెండో రౌండ్ మిస్‌ఫైర్ అయింది. ట్రిగ్గర్ నొక్కితే టక్ మంది, అంతే. పేలలేదు. కానీ నా గొట్టం మూతి జానెడు కిందికి దిగింది, కళ్లు మూసుకుపోయాయి, భుజం ముందుకు పొడుచుకు వచ్చింది. తన్నని తుపాకికి నేను భయపడ్డాను. పేలి ఉంటే ఆ కుదుపంతా ధక్కాలో కలిసిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు, నాకు కూడా. రేంజ్‌లో నేర్పించే ఉస్తాద్ నవ్వలేదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగమన్నాడు, తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కదా. తర్వాత తీసి పక్కన పెట్టించి, "మీ గుండ్లు ఐదేళ్ల నుంచి టార్గెట్ కింది మట్టిలోకి ఎందుకు పోతున్నయో ఇప్పుడు ఎరుకైందా?" అన్నాడు.

ఆయన చెప్పిన మందు నాకు ఇప్పటికీ పని చేస్తోంది. ఎవరైనా తోటివాణ్ని మన తుపాకి నింపమనాలి. అతను మనకు తెలియకుండా ఒక గొట్టంలో తూటా, ఇంకోదాంట్లో ఉత్తుత్తి డమ్మీ వేసి ఇవ్వాలి. ఏది పేలుతుందో తెలియకుండా కాలుస్తుంటే, డమ్మీ పడ్డ ప్రతిసారీ మన కుదుపు మనకే కనబడుతుంది. మూడు నాలుగు ఏళ్ల ప్రాక్టీస్‌లో నాది జానెడు నుంచి రెండు వేళ్లకు తగ్గింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

తర్వాత తెలిసిన ఇంకో సంగతి, నేను భయపడింది సగం చప్పుడుకే. ట్వెల్వ్ బోర్ మోత 140 డెసిబెల్స్ పైనే ఉంటుంది, రేకుల షెడ్డు కింద నిలబడి కాలిస్తే ఇంకా గింగురుమంటుంది. ఆర్మీ రోజుల్లో చెవుల్లో దూది కుక్కుకోవడమే మాకు తెలిసిన రక్షణ. దాని ఫలితంగా నా ఎడమ చెవిలో రాత్రిపూట కీచురాళ్లు ఇప్పటికీ అరుస్తాయి. సొంత డబ్బుతో ఇయర్ మఫ్ కొన్న ఏడాది, అదే తుపాకి, అవే తూటాలు, కానీ ధక్కా సగం అయినట్టు అనిపించింది. కొత్తగా చేరేవాళ్లు ముందు మఫ్ కొనండి, ప్యాడ్ తర్వాత.

ప్యాడ్ గురించి కూడా చెప్పాలి. కుందా పొట్టిగా ఉంటే బొటనవేలు ముక్కు దగ్గరికి వస్తుంది, నా మొదటి రోజు కథ అదే. బ్యాంకు తుపాకి కాబట్టి చెక్కను కోయడం, మేకు కొట్టడం కుదరదు. అందుకని కుందాకు తొడిగే రబ్బరు తొడుగు తెచ్చుకున్నాను. అంగుళం పొడవు పెరిగింది, ముక్కు బతికింది, భుజం మీద దెబ్బ పరుచుకుని పడుతోంది. ఇబ్బందులూ ఉన్నాయి. చలికాలం స్వెటర్ మీద వేగంగా ఎత్తితే రబ్బరు చంక దగ్గర పట్టుకుంటుంది. మన ఎండలకు మూడో ఏడాదికల్లా గట్టిపడి చెక్కలాగే అయిపోతుంది, నాలుగో ఏడాది అంచులు పగులుతాయి. తోలుది ఎక్కువ కాలం ఉంటుందంటారు, నేను వాడలేదు.

ఒక హెచ్చరిక కూడా. దునాలీకి రెండు ట్రిగ్గర్లు, ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమకి. నాతో ప్రాక్టీస్‌కి వచ్చిన ఒకాయన రెండు వేళ్లూ రెండింటి మీదా పెట్టుకుని కాల్చాడు. మొదటి ధక్కాకు రెండో వేలు వెనక ట్రిగ్గర్‌ను లాగేసింది. రెండు గొట్టాలూ ఒకేసారి. మనిషి నిలబడ్డచోట లేడు. అదృష్టం, గొట్టం ముందుకే ఉంది. ఒక్క వేలు చాలు, అదీ కాల్చే ముందే.

.315 రైఫిల్ రెండుసార్లు కాల్చాను, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇంకో గార్డుది. ఇది కూడా తేలిక రైఫిలే, కుందా చివర ఇనుప పలక. తన్ను ట్వెల్వ్ బోర్ అంత వెడల్పు ఉండదు, కానీ మొన కోసుగా తగులుతుంది. మూడోసారి అడగలేదు.

పోయిన ఏడాది నర్సంపేట నుంచి ఒక కుర్రాడు చేరాడు, సన్నగా, యాభై కిలోలు ఉంటాడేమో. ప్రాక్టీస్‌కి ముందు రోజు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నన్ను పడేస్తదా?" అని అడిగాడు.

"వెనక్కి వంగితే పడేస్తది. ఎడమ కాలు ముందుకెయ్యి, పొలంల నాగలి మీద ఒరిగినట్టు ముందుకు ఒరుగు. కుందాను భుజం గుంటల గట్టిగ దింపు, చెంప చెక్కకు అంటుకోవాలె."

"నాగలి నేనెన్నడు పట్టలే అన్నా. మాకు ట్రాక్టరే."

"అయితే ఆగిపోయిన ట్రాక్టర్‌ను తోసినట్టు."

అది అర్థమైంది. మర్నాడు ఐదింట్లో నాలుగు టార్గెట్ మీద పెట్టాడు, నాకన్నా ఒకటి ఎక్కువ. భుజం రుద్దుకుంటూనే ఉన్నాడు గానీ నవ్వు ఆగలేదు. ఇయర్ మఫ్ నాదే ఇచ్చాను, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

ఈ ఏడాది పిలుపు ఇంకా రాలేదు. కొత్త రబ్బరు తొడుగు కొని బీరువాలో పెట్టుకున్నాను. పగిలిన పాతదాన్ని మా ఆవిడ గ్రైండర్ ఊగకుండా దాని కాలి కింద పెట్టింది, అక్కడ బాగానే పనిచేస్తోంది.