వెనీర్లు వేయించుకున్నోళ్లు ఆ క్లీనింగ్ కిట్ జోలికి పోకండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ముందు పండ్లకు పోర్సిలిన్ వెనీర్లు వేయించుకున్న అక్కలకు, అన్నలకు ఒక ముచ్చట. ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో 'వెనీర్ వైటెనింగ్ కిట్' అని ఒకటి తిరుగుతున్నది. తెల్ల డబ్బాలో నల్లపొడి, ఒక జెల్ ట్యూబు, ఒక పట్టీ గోళీలు. మా చెల్లె రెండు వేల చిల్లర పెట్టి తెప్పించుకున్నది. ఇప్పుడు ఆమె వెనీర్లకు మెరుపు పోయింది. ఛాయ్ తాగితే చాలు, అంచుల పొంటి గోధుమరంగు పడుతున్నది.

నల్లపొడి అంటే బొగ్గుపొడే. వెనీర్ అనేది పంటి ముందు భాగాన అతికించే సన్నటి పింగాణి రేకు, మందం చూస్తే మహా అయితే అర మిల్లీమీటరు, కొంచెం అటూ ఇటూ. దాని మీద గాజు లాంటి నున్నటి పొర ఉంటది, గ్లేజ్ అంటరు. ల్యాబుల కొలిమిలో వందల డిగ్రీల వేడి మీద కాలిస్తే వచ్చే పొర అది. పసుపు, ఛాయ్ మరకలు దాని మీద నిలవకపోవడానికి ఆ నునుపే కారణం. రోజూ పొద్దున బొగ్గుపొడి పెట్టి రుద్దితే దాని మీద సన్నటి గీతలు పడతయి, గీతల్లో మరక కూసుంటది. మంచి పింగాణి కప్పును పీచు, బూడిద పెట్టి తోమినట్టే. పోయిన గ్లేజ్‌ను నోట్లె పెట్టి మళ్లీ కాల్చలేరు కదా. డాక్టర్ డైమండ్ పేస్టుతో పాలిష్ పట్టిండు, కొంత నునుపు వచ్చింది, మునుపటి లెక్క మాత్రం రాలేదు.

ఇగ జెల్. అందులో పెరాక్సైడ్ ఉన్నదని అమ్మేటాయనే గొప్పగా చెప్పిండు. పెరాక్సైడ్ సొంత పండ్లను తెల్లగ చేస్తది, నిజమే. పింగాణి రంగు మాత్రం ల్యాబుల ఖాయమైపోతది, ఏ జెల్ పూసినా మారదు. పైగా పక్కన ఉన్న సొంత పండ్లు తెల్లబడితే వెనీర్లు వేరే రంగుల కొట్టొచ్చినట్టు కనబడతయి. వాళ్ల వీడియోల పండ్లు నిజంగనే తెల్లబడ్డయంటే అవి వెనీర్లు కావు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ గోళీలు. అవి తీసి పెట్టుకునే కట్టుడు పండ్లను గిలాసల నీళ్లల్ల నానబెట్టి కడిగేటివి. అతికించిన వెనీర్లకు వాటితోని పనే లేదు. ఆయన వాయిస్ మెసేజ్‌ల ఏమన్నడో తెలుసా? గోరువెచ్చటి నీళ్లల్ల కరిగించి పుక్కిలించాల్నట! చెల్లె నోట్ల పోసుకున్నదో లేదో, మంటతోని ఊసేసింది. ఇట్లాంటి గోళీల్లో చాలావాటిల పర్‌సల్ఫేట్ అనే రసాయనం ఉంటది. దానితోని అలర్జీలు వస్తున్నయని, నమిలినా పుక్కిలించినా ప్రమాదమని 2008లోనే అమెరికాల మందులు, వైద్య సామాన్ల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే తయారు చేసినోళ్ల అడ్రస్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఏమేం కలిపిండ్రో లేదు. అడిగితే 'ఇంపోర్టెడ్ మాల్ అక్కా' అన్నడు. పైసలు వాపస్ అడిగితే 'సీల్ తీసినంక రిటర్న్ లేదు' అని బ్లాక్ చేసిండు.

అసలు వెనీర్లకు కావాల్సింది మెత్తటి బ్రష్, వైటెనింగ్ అని రాసి లేని మామూలు పేస్టు, రాత్రిపూట ఫ్లాస్, అంటే పండ్ల సందులు శుభ్రం చేసే దారం. అంతే. వెనీర్ పుచ్చిపోదు గానీ దాని వెనుక ఉన్న సొంత పన్ను పుచ్చుతది, అదీ చిగురు దగ్గర అంచు నుంచి మొదలైతది. అందుకే ఫ్లాస్ మానొద్దు. ఎర్ర పండ్లపొడి, ఉప్పు, వంటసోడా అసలే వద్దు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ రాసినన్ని దినాలే. ఎక్కువ వాడితే అదే గోధుమరంగు మరకలు పెడతది.

క్లీనింగ్‌కు కొత్త క్లినిక్‌కు పోతే కుర్చీల కూసునేముందే 'నాకు వెనీర్లున్నయి' అని చెప్పండి. పండ్ల గార తీసే స్కేలింగ్ మిషన్ మొన వెనీర్ అంచుకు తగిలితే పెచ్చు లేస్తది. సోడా పొడి కొట్టే పాలిషింగ్ గరుకు చేస్తది. ఆమ్లం కలిపిన ఫ్లోరైడ్ జెల్, ఏపీఎఫ్ అంటరు, పింగాణిని తినేస్తది. ఆమ్లం లేని న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ అడగండి. సంక్రాంతికి సకినాలు తినొద్దని ఎవరికీ చెప్పలేను, చెప్పినా ఇనరు. విరిచి దవడ పండ్లతోని నమలండి. బొక్కలు, చెరుకు గడలు ముందు పండ్లతో కొరకకండి. నిద్రల పండ్లు కొరికే అలవాటుంటే రాత్రి పండ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకోండి.

ఇప్పటికే కొన్నోళ్లు డబ్బా పారేయకండి. యూపీఐ స్క్రీన్‌షాట్, చాటింగ్, వాయిస్ మెసేజ్ అన్నీ దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. కొన్న సామాను ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు 2 సంవత్సరాలు. మేం 1915కి ఫిర్యాదు ఇచ్చినం, ఇంకా ఏం తేలలేదు. ఈలోపల ఆయన పాత పేజీ తీసేసి కొత్త పేరుతోని ఇంకోటి తెరిచిండు. డబ్బా అదే, నల్లపొడి అదే, ధర మాత్రం రెండు వందలు తగ్గించిండు.