ఇంట్లో చేసిన కొబ్బరినూనె సబ్బు: రెండు వేసవులు వాడాక

సబ్బు బేస్ కరిగించి అచ్చులో పోసే పద్ధతితోనే చాలామంది మొదలుపెడతారు. నేనూ కొన్నాళ్లు అదే చేశాను. గంటలోపు పని అయిపోతుంది, పిల్లలు పక్కనున్నా టెన్షన్ లేదు. కానీ మనం కలిపేది రంగూ వాసనే, అసలు సబ్బు ఎవరో ముందే చేసి పెట్టారు. పైగా వానాకాలంలో ఆ బేస్‌లో ఉండే గ్లిజరిన్ గాలిలో తేమను లాగేసి సబ్బంతా నీటిబొట్లు పడతాయి. బహుమతిగా ఇవ్వడానికి బాగుంటుంది, అంతే.

ఇప్పుడు నేను చేసేది ఒకటే రకం. 500 గ్రాముల కొబ్బరినూనె, 73 గ్రాముల కాస్టిక్ సోడా, 190 గ్రాముల నీళ్లు. నిజానికి అంత నూనె పూర్తిగా సబ్బు కావాలంటే దాదాపు 92 గ్రాముల సోడా పడుతుంది. ఒట్టి కొబ్బరినూనె సబ్బు మురికితో పాటు ఒంటి మీదున్న జిడ్డంతా లాగేస్తుంది కాబట్టి 20 శాతం తగ్గించి వేస్తాను. సబ్బుగా మారకుండా మిగిలిన నూనె చర్మం పొడిబారకుండా కాస్త కాపాడుతుంది. మినరల్ ఆయిల్ కలిసిన సువాసన తలనూనెలు మాత్రం వద్దు, మినరల్ ఆయిల్ సబ్బుగా మారదు.

డబ్బు పెట్టాల్సింది అచ్చుల మీద కాదు, గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ కాటా మీద. చెంచాలతో, గ్లాసులతో కొలిచే పని కాదిది. సోడాను నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. వేయగానే గిన్నె పట్టుకోలేనంత కాలుతుంది, ఘాటు ఆవిరి లేస్తుంది. కిటికీలు తెరిచి, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకునే చేయాలి. స్టీలు గిన్నె వాడండి. సత్తు (అల్యూమినియం) గిన్నెను సోడా తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే ఈ పని కొన్నేళ్లు వాయిదా వేసుకోవడమే మేలు.

నూనె, సోడా నీళ్లు రెండూ గోరువెచ్చగా అయ్యాక కలిపి హ్యాండ్ బ్లెండర్ తిప్పుతాను. బ్లెండర్ పైకెత్తినప్పుడు కారిన చార పైనే నిలిచిందంటే అచ్చులో పోసేయొచ్చు. పసుపు వేస్తే కళ్ల ముందే ఎర్రబడుతుంది, దిష్టి నీళ్లలో సున్నం చేసే పనే ఇది కూడా. ఆ రంగు నిలవదు, వారాలు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. కొబ్బరినూనె సబ్బు తొందరగా గట్టిపడుతుంది. కాస్త వెచ్చగా ఉన్నప్పుడే అదే రోజు కోయాలి, మర్నాటికి వదిలేస్తే కత్తి పెట్టగానే పెళ్లలు ఊడుతాయి. కోసిన ముక్కలను గాలి తగిలే చోట నాలుగైదు వారాలు ఆరబెట్టాలి. ఆరినకొద్దీ నీరు పోయి గట్టిపడి, ఎక్కువ రోజులు వస్తుంది.

వాడకంలో నాకు నచ్చింది నురగ. మా బోరు నీళ్లలో కొన్న సబ్బులు సరిగా నురగే ఇవ్వవు, ఇది ఇస్తుంది. అయినా టైల్స్ మీద తెల్లటి పొర పేరుకోవడం తప్పలేదు, అది నీటి కాఠిన్యం వల్ల. నిమ్మ వాసన నూనె దండగ, ఆరేలోపే ఎగిరిపోతుంది. కొబ్బరినూనె ధర పెరిగాక ఇది చవక బేరమూ కాదు. చలికాలంలో మా అమ్మకు ఇదీ పొడిగానే అనిపిస్తుంది, ఆవిడ సున్నిపిండికే వెళ్లిపోతుంది.

తలకు మాత్రం వాడకండి. ఏ సబ్బయినా క్షారమే, బోరు నీళ్లతో కలిస్తే జుట్టు జిగటగా తయారవుతుంది. మా ఇంట్లో తలంటుకు ఇప్పటికీ కుంకుడుకాయలే.