మాంట్‌గోమరీ బస్సులు: కోర్టు గెలిచిందా, కాలినడకా?

1955 డిసెంబరు 1న అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో తెల్లవాడికి బస్సు సీటు ఇవ్వనన్నందుకు నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. ఆ తర్వాత నల్లవాళ్లు రెండు దారులూ పట్టారు.

ఒకటి బహిష్కరణ. అక్కడి కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ రాత్రికి రాత్రే వేలకొద్దీ కరపత్రాలు తీయించింది. డిసెంబరు 5 నుంచి 381 రోజులు బస్సులు బోసిపోయాయి. తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు మైళ్లకు మైళ్లు నడిచారు. కార్లున్నవాళ్లు లేనివాళ్లను ఎక్కించుకున్నారు. ఆ కార్లకు స్థానికంగా బీమా రద్దుచేస్తే లండన్‌లోని లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు! విచిత్రం ఏమిటంటే, మొదట్లో వాళ్లడిగింది వేర్పాటు (నల్లవాళ్లను తెల్లవాళ్లను విడదీసి ఉంచే పద్ధతి) రద్దు కానే కాదు. వెనకనుంచి మేము, ముందునుంచి మీరు, ఎవరు ముందొస్తే వాళ్లకు సీటు. కాస్త మర్యాద, కొందరు నల్ల డ్రైవర్లు. నగర పెద్దలు అదీ ఇవ్వలేదు.

రెండోది కోర్టు. 1956 ఫిబ్రవరిలో లాయర్ ఫ్రెడ్ గ్రే వేసిన కేసు ఏకంగా వేర్పాటు చట్టాన్నే సవాలు చేసింది. అందులో పార్క్స్ లేదు. ఆమెకంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో, అరెస్టయిన క్లాడెట్ కాల్విన్ ఉంది. ఆ పిల్ల పేరు ఎంతమందికి తెలుసు? నవంబరు 13న సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. సరిగ్గా ఆరోజే స్థానిక కోర్టు కార్ల ఏర్పాటును నిషేధించింది.

కాబట్టి చట్టాన్ని పడగొట్టింది కోర్టే అంటాను. కానీ నడక లేని తీర్పు ఎలా ఉంటుందో బడుల్లో చూడొచ్చు: 1954లోనే సుప్రీంకోర్టు బడుల్లో వేర్పాటు చెల్లదంది, అదే అలబామాలో నల్లపిల్లలు తెల్లవాళ్ల ప్రభుత్వ బడిలో అడుగుపెట్టింది 1963లో.