గోడలో రాడ్డు ఉంది, కాంక్రీటే లేదు: హాలో బ్లాక్ ఇల్లు కొనేవాళ్లూ జాగ్రత్త

హైదరాబాద్ శివార్లలో నాగారం వైపు కొత్త ఇల్లు చూస్తున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా బిల్డర్ "పిల్లర్లు లేని ఇల్లు సార్, గోడలే మోస్తాయి, లోపల స్టీలు వేశాం" అంటుంటే.

మేం కొన్నది 150 గజాల్లో జీ ప్లస్ వన్. 8 అంగుళాల హాలో బ్లాకులు, వాటి గుల్లల్లో నిలువునా 12 ఎంఎం రాడ్లు, రాడ్డున్న గుల్ల నిండా కాంక్రీటు అని మాట. పద్ధతిలో తప్పేం లేదు, సరిగ్గా కడితే మంచి గోడే. మూలల్లో పిల్లర్లు పొడుచుకురావు, బీరువా గోడకి ఆనుకుని కూర్చుంటుంది. మా ఆవిడకి నచ్చింది అదే. బిల్డర్ కంప్యూటర్ డిజైన్ కాగితాలు కూడా చూపించాడు, గోడలన్నీ రంగురంగులుగా. నాకేం అర్థమవుతుంది? తల ఊపాను. బయానా, రిజిస్ట్రేషన్, గృహప్రవేశం అన్నీ అయిపోయాయి.

ఏసీ పెట్టించే రోజు సంగతి బయటపడింది. పైపు కోసం కుర్రాడు బెడ్‌రూమ్ కిటికీ పక్కన మెషిన్ పెట్టాడు. రెండంగుళాలు దిగిందో లేదో బిట్ ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. "అన్నా, లోపల ఖాళీ ఉంది" అన్నాడు. టార్చ్ వేసి చూశాను. గుల్ల మధ్యలో తుప్పు పట్టిన రాడ్డు ఒంటరిగా నిలబడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో నెడితే ఊగి, బ్లాకుకి తగిలి టంగుమంది.

మా బావమరిది ఫ్రెండ్ స్ట్రక్చరల్ ఇంజినీరు. ఆదివారం వచ్చి చిన్న సుత్తితో గోడంతా కొట్టుకుంటూ పోయాడు. నిండిన చోట ఠక్కుమంటోంది, ఖాళీ చోట డబ్బా మీద కొట్టినట్టు మోగుతోంది. ఆ తేడా మా ఎనిమిదేళ్ల పాపకి కూడా తెలిసిపోయింది. తర్వాత సన్నగా బెజ్జాలు వేసి చూశాం. రాడ్డున్న 14 చోట్లలో కాంక్రీటు నిండినవి 5. ఒకచోట పునాది నుంచి వచ్చిన రాడ్డుకీ పై రాడ్డుకీ అతుకు అరడుగు కూడా లేదు. 12 ఎంఎంకి దాదాపు 2 అడుగులు ఉండాలట.

"ఇల్లు కూలుతుందా?" అని అడిగాను. ఇప్పుడు కాదన్నాడు. నిట్టనిలువుగా కిందికి దిగే బరువుని ఉత్త బ్లాకు గోడ కూడా మోస్తుంది. భూమి అదిరినప్పుడు వచ్చేది పక్కతోపు. అప్పుడు గోడ ఒక కొస నలుగుతుంది, రెండో కొస పైకి లేవబోతుంది. లేవకుండా పట్టుకోవాల్సింది ఆ రాడ్డే. చుట్టూ కాంక్రీటు లేకపోతే అది గొట్టంలో నిలబెట్టిన కర్ర, గోడకీ దానికీ సంబంధమే ఉండదు. తలుపులకీ కిటికీలకీ మధ్య మిగిలే సన్నటి గోడలకి దెబ్బ ఎక్కువట, అక్కడే ఐమూలగా బీటలు పడతాయట.

రంగు కాగితాలు కూడా చూపించాను. లెక్కలో తప్పు లేదన్నాడు. కాకపోతే అందులో డ్రాయింగ్ ప్రకారం కాంక్రీటు నింపిన గోడలనే తీసుకున్నారు. కంప్యూటర్‌కి మనం ఏ గోడ చెప్తే అదే గోడ. గుల్లలు ఖాళీ అయితే మందం, బిగువు తగ్గించి మళ్లీ లెక్క వేయాలి. ఏ గోడ మీద ఎంత తోపు పడుతుందో మొత్తం మారిపోతుంది. మేం పైన ఇంకో అంతస్తు వేద్దామనుకున్నాం. ఆ మాట ఇక ఎత్తొద్దన్నాడు.

బిల్డర్‌ని అడిగితే "హైదరాబాద్‌లో భూకంపాలెక్కడివి సార్?" అన్నాడు. మనది భూకంప జోన్ 2, ముప్పు తక్కువే, ఒప్పుకుంటాను. అయినా 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు ఇక్కడ కూడా తెలిసింది కదా! అయినా నింపుతానని డబ్బు తీసుకున్నాక జోన్‌తో పనేంటి?

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలని ఉంది. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటని ప్రాజెక్టుకి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇతను పక్కపక్కన కట్టిన మూడిళ్లూ కలిపినా 450 గజాలు, అంటే సుమారు 376 చదరపు మీటర్లే. చివరికి లాయర్ నోటీసు పంపాం. ఇంకా జవాబు లేదు.

మీరు చూసే ఇల్లు ఇంకా కడుతున్నదైతే, రాడ్డు వచ్చే గుల్లకి అడుగు వరసలో రంధ్రం వదిలారేమో చూడండి. లోపల పడిన మాల్ తీసేది, కాంక్రీటు కిందిదాకా దిగిందో లేదో చూసేది అందులోంచే. పోసే కాంక్రీటు సన్న కంకరతో బాగా జారుగా ఉండాలి, గట్టిగా ఉంటే సగంలోనే ఇరుక్కుంటుంది. పూర్తయిన ఇల్లయితే పుట్టీ వెనక ఏముందో కంటికి కనబడదు. సుత్తి పట్టుకెళ్లండి. నాలుగు చోట్ల బెజ్జాలు వేసి చూస్తామని బయానాకి ముందే చెప్పండి. గోడ పాడవుతుందని బిల్డర్ అంటే, పూడ్చే ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పండి, వందల్లో పోతుంది.

మా పక్క రెండిళ్లూ ఇంకా అమ్మకానికే ఉన్నాయి. నిన్న ఒక జంట వచ్చి, గోడని అరచేత్తో తట్టి "గట్టిగానే ఉంది" అనుకుంటూ బయటికొచ్చారు. గేటు దగ్గర ఆపి లోపలికి రమ్మన్నాను. ఏసీ బెజ్జం ఇంకా పూడ్చలేదు, టార్చ్ వాళ్ల చేతికే ఇచ్చాను.