ఏఎస్ఐ 662 ఎంసీ: డాబా మీది గ్రహాల ఫొటోలకు

గురుడు, శని ఫొటోలే కావాలంటే టెలిస్కోపుకు తగిలించే ఈ చిన్న కెమెరా పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. పిక్సెల్ 2.9 మైక్రాన్లు; టెలిస్కోపు ఎఫ్ సంఖ్య (ఫోకల్ దూరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది) దానికి ఐదు రెట్లు, అంటే ఎఫ్/15 దగ్గర ఉండేలా వాడాలి. ఎఫ్/10 ఉన్న 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపుకి 1.5ఎక్స్ బార్లో (బొమ్మను పెద్దది చేసే లెన్సు) సరిపోతుంది. 3ఎక్స్ పెడితే బొమ్మ పెద్దదవుతుందే గానీ వివరం పెరగదు.

కెమెరా ముందున్న గాజు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు. యూవీ/ఐఆర్ కట్ ఫిల్టర్ విడిగా కొనకపోతే రంగులు పాలిపోతాయి. వీడియో తీసేటప్పుడు మధ్యలో ఫ్రేములు జారిపోతుంటే కెమెరాను తిట్టుకోకండి: కంప్యూటర్‌కి యూఎస్‌బీ 3 పోర్టు, ఎస్ఎస్‌డీ ఉన్నాయో లేదో చూసి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ షార్ప్‌క్యాప్‌లో ఫ్రేమును 640×480కి కుదించండి. గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను ఒక చుట్టు తిరిగేస్తాడు, వివరాలు చెదిరిపోతాయి కాబట్టి వీడియో రెండు మూడు నిమిషాలు దాటనివ్వద్దు.

పొద్దుగూకాక కూడా డాబా సిమెంటు సెగలు కక్కుతూనే ఉంటుంది. గ్రహం అంచు అలలు అలలుగా కదులుతుంటే ఫోకస్‌తో కుస్తీ పట్టి లాభం లేదు, రాత్రి పొద్దుపోయేదాకా ఆగాల్సిందే. గురుడు మిథునంలో ఉన్నప్పుడు మనకు దాదాపు నడినెత్తికి వస్తాడు గనుక అప్పుడు ఏడీసీ (వాతావరణం వల్ల గ్రహం అంచున రంగులు విడిపోవడాన్ని సరిచేసే పరికరం) ఖర్చు వాయిదా వేసుకోవచ్చు.