4ఏ అని చూపిస్తుంది, డ్రాప్‌లో శ్రుతి తప్పుతుంది: డ్రమ్ అండ్ బాస్‌కి కీ మిక్సింగ్, మూడేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు పబ్బుల్లో డ్రమ్ అండ్ బాస్ (వేగమైన డ్రమ్స్, లోతైన బాస్ ఉన్న డ్యాన్స్ సంగీతం) డీజే సెట్లలో మూడేళ్లుగా ల్యాప్‌టాప్ డీజే సాఫ్ట్‌వేర్‌లోని కీ అనాలిసిస్ (ట్రాక్ శ్రుతిని కనిపెట్టడం), సింక్ (రెండు ట్రాకుల బీట్లు కలపడం), కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఆపడం) మూడూ వాడాక తేలిందేమిటంటే, టెంపోని కాస్త సరిదిద్ది నమ్మొచ్చు. 4ఏ లాంటి కీ అంకెని (ట్రాక్ శ్రుతికి గుర్తు, 4ఏ అంటే ఎఫ్ మైనర్) మాత్రం చెవితో చూడకుండా నమ్మొద్దు.

నిమిషానికి 174 బీట్ల ట్రాక్‌ని సాఫ్ట్‌వేర్ 87 అనో, ఒక్కోసారి 116 అనో చదువుతుంది. అనాలిసిస్ రేంజ్‌లో 160–180 మొత్తం పట్టేలా పెట్టి మళ్లీ స్కాన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అసలు ఏడిపించేది గ్రిడ్, అంటే బీట్లు ఎక్కడ పడతాయో సాఫ్ట్‌వేర్ గీసుకునే గీతలు. 174.00ని 173.98గా రాసుకుంటే మొదట్లో ఏమీ తెలియదు. ఐదు నిమిషాలకి 870 బీట్లు, అప్పటికి పదో వంతు బీట్, అంటే దాదాపు 35 మిల్లీసెకన్లు జారిపోతుంది. రెండు ట్రాకుల స్నేర్ డ్రమ్ములు ఒక్క దెబ్బగా కాక 'టటక్' అంటాయి. అందుకే గ్రిడ్‌ని ఇంట్రోలో సరిచేసి ఊరుకోకూడదు, చివరి డ్రాప్‌కి (బాస్, డ్రమ్స్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) వెళ్లి అక్కడా గీత స్నేర్ మీదే పడుతోందా చూడాలి.

ఇక కీ. ఈ సంగీతంలో ఎఫ్, ఎఫ్ షార్ప్, జీ మైనర్లు తెగ తగులుతాయి, సబ్ (అట్టడుగు బాస్) 43–49 హెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగుతుంది కాబట్టి. మన కర్ణాటక సంగీతం లెక్కలో నాలుగు, నాలుగున్నర, ఐదు శ్రుతులు. 4ఏకి బదులు 4బీ (ఏ ఫ్లాట్ మేజర్) చూపిస్తే పెద్ద నష్టం లేదు, స్వరాలు అవే. ఇంట్రోలో సాగే ప్యాడ్ స్వరాల కీ పట్టుకుని డ్రాప్‌లోని బాస్‌ని వదిలేస్తేనే కొంప మునుగుతుంది. డీట్యూన్ చేసిన (శ్రుతి కాస్త జరిపిన స్వరాలు కలిపిన) రీస్ బాస్ ఉన్న న్యూరోఫంక్ అనే శాఖలో ఆ అంకె దాదాపు అలంకారమే.

దీనికి మందు ఇంట్లోనే ఉంది: శ్రుతి పెట్టె. బెంగళూరులోనే తయారయ్యే రాడెల్ అయినా, ఫోన్‌లో యాప్ అయినా ఒకటే. ముందు దాన్ని 440కి సరిచూసుకుని, ఒక చెవిలో డ్రాప్, రెండో చెవిలో షడ్జమం పెట్టి, ఏ శ్రుతిలో బాస్ వచ్చి కూర్చుంటుందో చూసి ట్రాక్ కామెంట్‌లో రాసేయాలి. సబ్ మరీ కిందుంటే పైనున్న రీస్ స్వరాన్ని పట్టుకోవాలి. ట్రాక్‌కి రెండు నిమిషాలు కూడా పట్టదు.

కీ లాక్ గురించి ఒక అపోహ ఉంది. లాక్ లేకుండా 170, 174 ట్రాకులని మధ్యలో 172 దగ్గర కలిపితే శ్రుతి తేడా తగ్గుతుందంటారు. తగ్గదు. ఒకటి 20 సెంట్లు (అరస్వరంలో వందో వంతు ఒక సెంట్) పైకి, ఇంకోటి 20 కిందికి పోతాయి, మధ్య తేడా అదే 40. 172, 174 మధ్య 20 సెంట్లే, అది లాక్ లేకుండానే గడుస్తుంది. 170 వస్తే లాక్ వేయాల్సిందే. దానికి మూల్యం స్నేర్ పదును కాస్త మొద్దుబారడం. మిక్స్ అయ్యాక లాక్ తీస్తే పిచ్ ఒక్కసారి ఎగురుతుంది, కాబట్టి డ్రమ్స్ మాత్రమే ఉన్న చోట తీయాలి.

తర్వాతి ట్రాక్‌తో అరస్వరం పైకెత్తడం, అంటే 4ఏ నుంచి 11ఏకి (ఎఫ్ నుంచి ఎఫ్ షార్ప్ మైనర్‌కి), హుషారిస్తుంది. కానీ డబుల్ డ్రాప్‌లో (రెండు ట్రాకుల డ్రాప్‌లూ ఒకేసారి వేయడం) రెండు సబ్‌లూ తెరిచి ఉంచితే 43.65, 46.25 హెర్ట్జ్ ఢీకొని సెకనుకి రెండున్నర సార్లకి పైగా ఊగుతాయి. చిన్న పబ్బులో సబ్ అంత కిందికి దిగకపోవడంతో ఇది వినపడదు. పెద్ద హాల్లో బురదలా వినిపిస్తుంది. 16 బార్లు (64 బీట్లు) అంటే 22 సెకన్లు. ఆ గడువు ముగిసే గీత మీద ఒక ట్రాక్ 'లో' నాబ్ (మిక్సర్‌లో బాస్‌ని తగ్గించే మీట) పూర్తిగా మూసి రెండోది తెరవాలి, సగం సగం కాదు.